అమ్మానాన్నలు వస్తున్నారు, ఫ్యూటాన్ పరుపు ఏది కొనాలి?

ఏటా మార్చి వచ్చిందంటే చాలు, అమెరికాలో ఉండే తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "మేలో అమ్మావాళ్ళు వస్తున్నారండీ. రెండో బెడ్‌రూమ్ పిల్లలది. హాల్లో పగలు సోఫాగా, రాత్రి మంచంగా వాడుకునే ఫ్యూటాన్ వేద్దామనుకుంటున్నాం. పరుపు ఏది తీసుకోమంటారు?" విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

మొదటిసారి నేనూ దెబ్బతిన్నాను. ఫ్రేమ్‌తో కలిపి వచ్చిన ఆరంగుళాల పరుపు. షాపులో కూర్చుని చూస్తే బ్రహ్మాండంగా ఉంది, కొనేశాను. అమ్మ వచ్చిన వారానికి ఓ తెల్లవారుజామున మంచినీళ్ళకని లేచి చూద్దును కదా, తను ఊరి నుంచి తెచ్చుకున్న బొంత కార్పెట్ మీద పరుచుకుని పడుకుని ఉంది. "నిద్ర పట్టక కిందకి దిగాలే, ఇక్కడి టైము ఇంకా అలవాటు కాలా" అంది. ఆ మధ్యాహ్నం నేను దాని మీద పావుగంట పడుకుంటే తెలిసింది. కింద ఉన్న చెక్క పట్టీలు వీపుతోనే లెక్కపెట్టుకోవచ్చు.

విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళకి మామూలుగా ఆరు నెలల దాకా ఉండటానికి అనుమతి ఇస్తారు. అంటే నూట ఎనభై రాత్రులు. కాబట్టి కొనేది సోఫా అనుకోకండి, మంచం అనుకుని కొనండి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ఒక్క మాట పేరు గురించి. జపాన్‌లో ఫ్యూటాన్ అంటే నేల మీద పరుచుకుని, పొద్దున్నే మడిచి అలమరలో పెట్టేసే పల్చటి దూది పరుపు. మన బొంతకి దూరపు చుట్టం. అమెరికా షాపుల్లో ఫ్యూటాన్ అంటే పగలు సోఫాగా, రాత్రి మంచంగా మారే ఫ్రేమ్ మీద వేసే మందపాటి పరుపు. నేను చెప్పేది ఈ రెండోదాని గురించే. మొదటి రకం మోకాళ్ళు గట్టిగా ఉన్న కుర్రాళ్ళకి బాగానే ఉంటుంది. అరవై దాటినవాళ్ళని మాత్రం నేల మీద నుంచి రోజూ లేవమనకండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో విడిగా గది ఖాళీగా ఉంటే అసలు ఫ్యూటాన్ కొనకండి. మామూలు మంచం, మామూలు పరుపు కొనండి. మడిచే అవసరం లేనప్పుడు మడిచే వస్తువుకి డబ్బు పెట్టడం దండగ.

దగ్గర పెట్టుకోవలసినవి

- కొలిచే టేపు.
- పడుకోబోయేవాళ్ళ వివరాలు: మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎన్ని అంగుళాలు, సుమారు బరువు, నడుంనొప్పి, మోకాళ్ళనొప్పి ఏమన్నా ఉన్నాయా. వీడియో కాల్‌లో నాన్నగారి చేత అమ్మగారి మోకాలి ఎత్తు కొలిపించండి. నవ్వుతారు, కానీ కొలుస్తారు.
- బాత్‌రూమ్‌లో ఉండే బరువు చూసుకునే మిషను.
- అరమరల్లో గిన్నెలు జారకుండా వేసే రబ్బరు జాలీ షీటు, ఒక చుట్ట.
- పాత దుప్పటో బొంతో ఒకటి.
- మూడు వారాల సమయం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. విమానం దిగే ముందు రోజు పెట్టె విప్పేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు.

1. ఫ్రేమ్ ఎటు మడుస్తుందో చూడండి

పరుపు కంటే ముందు ఫ్రేమ్. రెండు మడతలది, మూడు మడతలది అని రెండు రకాలు ఉంటాయి.

రెండు మడతల ఫ్రేమ్ పొడుగువాటున మడుస్తుంది. పరిచినప్పుడు మడత గీత తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా పోతుంది. ఇద్దరు పడుకుంటే ఆ గీత దాదాపు ఇద్దరి మధ్యకి వస్తుంది కాబట్టి ఎవరికీ పెద్దగా తెలియదు. ఒక్కరే వస్తున్నట్టయితే మాత్రం నడిమధ్య పడుకోవద్దని, ఒక పక్కకి పడుకోమని చెప్పండి.

మూడు మడతలది అడ్డంగా మడుస్తుంది. సోఫాగా ఉన్నప్పుడు గోడ వెంట తక్కువ చోటు పడుతుంది, అందుకే చిన్న అపార్ట్‌మెంట్లవాళ్ళు దీనికి మొగ్గుతారు. కానీ పరిచినప్పుడు రెండు గీతలు ఒంటికి అడ్డంగా పడతాయి. వాటిలో ఒకటి నడుము చుట్టుపక్కలే ఉంటుంది. పెద్దవాళ్ళ కోసమైతే నేను మూడు మడతలది వద్దనే అంటాను. చోటు లేక తప్పనిసరైతే, మూడు మడతలకి పనికొస్తుందని తయారీదారే రాసిన పరుపు తీసుకోండి. స్ప్రింగుల పరుపులు చాలావరకు దానికి పనికిరావు.

ఫ్రేమ్ కింద పట్టీల మధ్య ఖాళీ కూడా కొలవండి. మూడంగుళాలు దాటితే పరుపు ఆ సందుల్లోకి దిగిపోతుంది. ఇనుప తీగల అల్లిక ఉన్న ఫ్రేమ్‌లైతే ఇంకా జాగ్రత్త, మధ్యలో తీగలు సాగి ఉయ్యాలలా తయారవుతాయి. చేత్తో గట్టిగా నొక్కి చూడండి.

2. సైజు

ట్విన్ 39 × 75 అంగుళాలు, ఫుల్ 54 × 75, క్వీన్ 60 × 80. ఇద్దరు పెద్దవాళ్ళు ఆరు నెలలు పడుకోవాలంటే క్వీన్ మంచిది, ఫుల్ సర్దుకుపోవడమే. ఒక్కరికైతే ఫుల్ హాయిగా సరిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఫ్రేమ్‌ని సోఫాగా ఉన్నప్పుడే కొలుచుకోవడం. పరిచాక ఎంత ముందుకి వస్తుందో చూసుకోరు. పేపర్లు నేల మీద ఆ కొలతకి పరిచి, రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళే దారి ఉంటుందో లేదో నడిచి చూడండి. మధుమేహం ఉన్నవాళ్ళు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. చీకట్లో టీపాయ్ తగిలించుకోకుండా పోగలగాలి. కొన్ని ఫ్రేమ్‌లని గోడ నుంచి ముందుకి లాగితే గానీ పరవడం కుదరదు. ఆ లాగే పని రోజూ ఎవరు చేస్తారో కూడా ఆలోచించుకోండి.

3. మందం

ఆరు అంగుళాలు కూర్చోవడానికి. ఎప్పుడో ఒక రాత్రి స్నేహితుడు పడుకోవడానికి. అంతే.

రోజూ పడుకునేవాళ్ళకి నేను చెప్పే కనీసం ఎనిమిది. స్ప్రింగులుంటే తొమ్మిది పది కూడా వస్తాయి. అలాగని మందం ఎక్కువైతే మంచిదే కదా అనుకోకండి. మందపు పరుపు మడవదు, మడిచినా ఫ్రేమ్ వీపు లాక్ పడదు, పడ్డా కూర్చున్న కాసేపటికి పరుపు ముందుకి జారి మనల్ని కూడా జార్చేస్తుంది. మీ ఫ్రేమ్ ఎంత మందం దాకా పడుతుందో దాని వివరాల్లో రాసి ఉంటుంది. అది చూడకుండా పరుపు ఆర్డర్ పెట్టకండి.

4. లోపల ఏముందో చదవండి

పైన గుడ్డ రంగు చూసి కొనేవాళ్ళు ఎక్కువ. అసలు కథంతా లోపల ఉంటుంది.

*మొత్తం దూది.* మనవాళ్ళకి దూది అంటే మోజు. గాలి ఆడుతుంది, వేసవిలో చెమట పట్టదు, నిజమే. కానీ దూది అణుగుతుంది. ఊళ్ళో పరుపు గట్టిపడితే కుట్లు విప్పి, దూది ఏకించి, ఎండబెట్టి మళ్ళీ కుట్టించుకునేవాళ్ళం. ఇక్కడ ఏకేవాళ్ళు ఎవరున్నారు? గట్టిపడింది గట్టిపడినట్టే ఉంటుంది. పైగా ఎనిమిదంగుళాల దూది పరుపు మోయలేనంత బరువు. గట్టి పరుపు మీద పడుకునే అలవాటుండి, దాన్ని తిప్పడానికి ఇంట్లో బలమైన చేతులుంటే తీసుకోండి.

*దూది, మధ్యలో ఫోమ్.* ఫోమ్ ఉండబట్టి అణగడం తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. నెలా రెండు నెలలు ఉండేవాళ్ళకి ఇది చాలు. ఫోమ్ సాంద్రత ఘనపుటడుగుకి 1.8 పౌండ్లో అంతకన్నా ఎక్కువో ఉందేమో చూడండి. మంచి ఫోమ్ వాడినవాళ్ళు ఆ అంకె చాలావరకు దాచరు, అడిగితే చెబుతారు.

*పాకెట్ స్ప్రింగులు, పైన దూదో ఫోమో.* ఆరు నెలలు ఉండేవాళ్ళకి నా ఓటు దీనికే. ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి ఒకరు దొర్లితే రెండోవాళ్ళకి తెలియదు. పట్టీలు ఒంటికి తగలవు. రెండు మడతల ఫ్రేమ్ మీదే వేయాలి.

*మొత్తం మెమరీ ఫోమ్.* చలికి బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడుతుంది. షికాగో చలికాలంలో రాత్రి హీటింగ్ తగ్గించి పడుకునే ఇళ్ళలో ఎక్కిన పది నిమిషాలు చెక్కలా ఉంటుంది. మోకాళ్ళనొప్పి ఉన్నవాళ్ళకి దానిలో కూరుకుపోయి పక్కకి తిరగడం కష్టం. నేను కొనను.

*పాలిస్టర్ పీచు.* అన్నిటికంటే చవక. కొత్తలో పొంగిన పూరీలా ఉంటుంది, రెండు నెలల్లో చల్లారిన పూరీ.

5. బరువుతో లెక్క కట్టండి

వివరాల్లో ఏం రాసినా బరువు అబద్ధం చెప్పదు. ఇది నేను సొంతంగా అలవాటు చేసుకున్న లెక్క.

ఫుల్ సైజు, 8 అంగుళాల పరుపు: 54 × 75 × 8 = 32,400 ఘనపుటంగుళాలు. 1,728తో భాగిస్తే 18.75 ఘనపుటడుగులు. పరుపు బరువు 45 పౌండ్లయితే ఘనపుటడుగుకి 2.4 పౌండ్లు. మంచిదే. అదే సైజు, అదే మందం అని చెప్పి 26 పౌండ్లే ఉందంటే 1.4. అంటే లోపల సరుకు కంటే గాలే ఎక్కువ.

స్ప్రింగులు లేని పరుపైతే ఘనపుటడుగుకి 2 పౌండ్లు దాటితే నేను ధైర్యంగా కొంటాను, 1.5 లోపు ఉంటే పేజీ మూసేస్తాను. మధ్యలో ఉన్నవాటికి వాపసు షరతులు చూసుకుంటాను. స్ప్రింగుల పరుపుకి ఈ లెక్క అంత బాగా పనిచేయదు, ఎందుకంటే ఇనుము బరువు కలుస్తుంది. పరుపు ఇంటికొచ్చాక మీరు మిషను మీద నిలబడి ఒకసారి, పరుపు ఎత్తుకుని ఒకసారి చూసుకోండి. తేడా పరుపు బరువు. ఎత్తి చేతికివ్వడానికి ఇంకొకరిని పిలవండి, నడుం పట్టేస్తే మీకే ఇంకో పరుపు కావాలి.

6. ఎత్తు కుదిరిందా

నేల నుంచి ఫ్రేమ్ పట్టీల పైభాగం దాకా కొలవండి. దానికి పరుపు మందం కలపండి. కూర్చుంటే అణిగే అంగుళమో, అంగుళంన్నరో తీసేయండి. అదే కూర్చునే ఎత్తు. ఉదాహరణకి పట్టీలు 12 అంగుళాల ఎత్తున ఉండి, పరుపు 8 అయితే, అణిగాక సుమారు 19.

ఇప్పుడు వీడియో కాల్‌లో తీసుకున్న మోకాలి కొలత పక్కన పెట్టండి. దానికి సమానంగానో, రెండంగుళాలు ఎక్కువగానో ఉంటే లేవడం సులువు. తక్కువైతే మోకాళ్ళ మీద భారం పడుతుంది. మరీ ఎక్కువైతే పొట్టివాళ్ళ కాళ్ళు గాల్లో వేలాడి తొడల కింద తిమ్మిరెక్కుతుంది. సోఫాగా ఒకసారి, పరిచి ఒకసారి కొలవండి. చాలా ఫ్రేమ్‌లలో ఆ రెండూ ఒకటి కావు.

మన అమ్మలు సోఫా మీద కూడా మఠం వేసుకుని కూర్చుంటారు, ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు వొలుస్తూ. అప్పుడు బరువంతా ఒక్కచోటే పడుతుంది. అందుకే ముందు అంచు గట్టిగా ఉండాలి. షాపులో చూస్తుంటే మొహమాటపడకుండా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని చూడండి.

7. లేబుళ్ళు

అమెరికాలో అమ్మే పరుపులు, ఫ్యూటాన్ పరుపులతో సహా, 16 సి.ఎఫ్.ఆర్ 1633 అనే నిప్పు భద్రతా నిబంధనకి లోబడి ఉండాలి. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆ అంకె, తయారైన తేదీ పరుపుకి కుట్టిన లేబుల్ మీద ఉంటాయి. లేకపోతే తీసుకోకండి. లోపలి సరుకంతా కొత్తదేనని చెప్పే చీటీ కూడా చూడండి. ఫోమ్ ఉంటే సర్టిపూర్-యు.ఎస్. ముద్ర ఉందేమో చూడటం మంచిది, కొన్ని హానికర రసాయనాలు ఫోమ్‌లో లేవని పరీక్షించి ఇచ్చేది అది.

ఇప్పుడు అసలు హెచ్చరిక. కొన్ని చవక పరుపుల్లో నిప్పు నుంచి రక్షణకి లోపల గాజు పీచు (ఫైబర్‌గ్లాస్) పొర వేస్తారు. బయటి గుడ్డకి జిప్ కనిపిస్తుంది. మనవాళ్ళకి జిప్ కనిపిస్తే విప్పి ఉతకాలనిపిస్తుంది. పరుపు సొంత గుడ్డ జిప్ విప్పకండి. ఆ పీచు ఇల్లంతా చేరితే కార్పెట్లోంచి, బట్టల్లోంచి వదిలించడం మహా కష్టం, ఒళ్ళంతా దురద. లేబుల్ మీద గాజు పీచు అని ఉంటే నేనైతే ఆ పరుపు జోలికే పోను. ఉతకడానికి విడిగా కవర్ కొనుక్కోవాలి, అది తర్వాత మెట్టు.

8. కవర్లు

పరుపు మీద ముందు తడి దిగని పల్చటి ప్రొటెక్టర్. దాని మీద మూడు పక్కలా జిప్ ఉన్న ఫ్యూటాన్ కవర్. రాత్రి పూట దాని మీద మామూలు దుప్పటి. తడి దిగని పొర మెత్తటి అల్లిక గుడ్డ వెనక ఉన్నది తీసుకోండి. ప్లాస్టిక్‌ది వేస్తే దొర్లినప్పుడల్లా గరగరమంటుంది, పరుపు జారుతుంది కూడా.

కవర్ సైజులో పొడవు వెడల్పులతో పాటు మందం కూడా రాసి ఉండాలి. ఆరంగుళాల కవర్లో ఎనిమిదంగుళాల పరుపు తోస్తే జిప్ పళ్ళు ఊడతాయి. రంగు మీ ఇష్టం, కానీ ఆవకాయ తినే ఇంట్లో లేత గోధుమరంగు కవర్ వద్దు.

9. పెట్టె విప్పాక

చుట్టచుట్టి గాలి తీసి పంపే పరుపులే ఇప్పుడు ఎక్కువ. పైన చుట్టిన ప్లాస్టిక్‌ని కోసేటప్పుడు కత్తి పరుపు గుడ్డకి తగలనీకండి. పరిచి, కిటికీ తెరిచి, 48 నుంచి 72 గంటలు వదిలేయండి. ఈలోపు మడవకూడదు. ఒక మూల లేవలేదని కంగారుపడి తిరిగి పంపేసినవాళ్ళని చూశాను. మూడో రోజుకి లేస్తుంది. నాలుగో రోజుకీ మందం ఒక అంగుళానికి మించి తక్కువ ఉంటే అప్పుడు తిరిగి పంపండి. పెట్టె, చీటీలు దాచుకోండి. విప్పిన పరుపు తీసుకోని షాపులూ ఉన్నాయి కాబట్టి, ఆ షరతు కొనకముందే చదవాలి.

పట్టీల మీద రబ్బరు జాలీ షీటు, దాని మీద పాత బొంత, ఆ పైన పరుపు. షీటు జారకుండా ఆపుతుంది, బొంత పట్టీల గట్టిదనం తగ్గిస్తుంది. ప్లైవుడ్ వేయమంటారా అని అడుగుతుంటారు. వేయొచ్చు, కానీ రెండు ముక్కలుగా కోయించాలి, లేకపోతే ఫ్రేమ్ మడవదు. గాలి ఆడటానికి చిల్లులు కూడా వేయించాలి. హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్ళలో చిల్లుల్లేని చెక్క మీద పరుపు అడుగున బూజు పడుతుంది.

10. మూడు రాత్రులు మీరు పడుకోండి

ఈ మెట్టు ఎవరూ చేయరు. చేయండి.

మొదటి రాత్రి వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. సులువుగా అటూ ఇటూ పోతే మరీ గట్టి. అసలు దూరకపోతే మరీ మెత్తన. కాస్త తోసి పంపాల్సి వస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండో రాత్రి పక్కకి తిరిగి పడుకోండి. తుంటి ఎముకకి, భుజానికి కింద గట్టిగా ఏదన్నా తగిలితే పరుపు అడుగంటుతోందన్నమాట. మూడో రాత్రి ఇద్దరు పడుకోండి. పొద్దున్నే లేచేసరికి ఇద్దరూ మధ్య గుంటలోకి దొర్లి ఉంటే ఫ్రేమ్ మధ్యలో కాలు ఉందో లేదో చూడండి.

ఇవికాక ఒక పగటి పరీక్ష. సోఫాగా మడిచి, ఒక ఆదివారం సినిమా అంతా చూడండి. సినిమా అయ్యేసరికి పరుపు రెండంగుళాల కంటే ఎక్కువ ముందుకి జారితే రబ్బరు షీటు ఇంకో పొర వేయాలి.

వాడిన పరుపు ఉచితంగా వస్తే?

ఫ్రేమ్ తీసుకోండి. పరుపు వద్దు. మే నెలలో యూనివర్సిటీ ఊళ్ళలో చదువైపోయిన పిల్లలు ఖాళీ చేస్తూ ఫ్యూటాన్లు వీధి పక్కన పెడతారు. చూడటానికి కొత్తవిలా ఉంటాయి. నల్లుల సంగతి కంటికి కనపడదు. నా స్నేహితుడొకడు అలా తెచ్చుకుని, ఆ తర్వాత రెండుసార్లు మందు కొట్టించి, చివరికి పరుపు, సోఫా రెండూ పారేశాడు.

ఫ్రేమ్ తెచ్చినా టార్చి వేసి కీళ్ళు, మేకుల గుంటలు చూడండి. పరుపు తీసుకోక తప్పదంటే అంచు కుట్లు, టాకాలు వేసిన గుంటలు, జిప్ మడతలు పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్ల మరకలు, పొట్టులాంటి పాత చర్మాలు, ఆపిల్ గింజంత ఎర్రగోధుమరంగు పురుగు, వీటిలో ఏది కనపడినా గుమ్మం దాటనివ్వకండి.

పురుడు కోసం వస్తుంటే

చాలా ఇళ్ళలో అమ్మ వచ్చేది కూతురి పురుడు కోసమే. రాత్రి బిడ్డ ఏడిస్తే అమ్మమ్మ ఎత్తుకుని తన పక్కన వేసుకుంటుంది. ఫ్యూటాన్ మీద అది వద్దు. మెత్తటి పరుపు, మడత సందు, వెనక దిండు, ఇవన్నీ పసిబిడ్డ ఊపిరికి ప్రమాదం. ఏడాది లోపు పిల్లలు విడిగా, గట్టి పరుపున్న తొట్టిలో వెల్లకిలానే పడుకోవాలని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. తొట్టిని ఫ్యూటాన్ పక్కనే చెయ్యి అందేలా పెట్టండి. "మేం పెంచలేదా" అనే మాట వస్తుంది. డాక్టర్ చేతే చెప్పించండి, మీరు వాదించకండి.

వాళ్ళు వచ్చాక

మొదటి మూడు నెలలు నెలకోసారి పరుపు తలవైపు కాళ్ళవైపుకి తిప్పండి. రెండు పక్కలా ఒకేలా కుట్టినదైతే బోర్లా కూడా వేయండి. ఒకే మడత దగ్గర రోజూ వంగితే అక్కడే ముందు దిగిపోతుంది. వారానికి ఒక రోజు దుప్పట్లన్నీ తీసి, పరిచి ఉంచి గాలి తగలనివ్వండి. ఎండ పడే కిటికీ పక్కనైతే ఇంకా మంచిది.

పరుపు ఎలా ఉందని మాత్రం అడగకండి. "బంగారంలా ఉందమ్మా" అంటారు. ఇంటికొచ్చి మన డబ్బు ఖర్చు పెట్టించామని వాళ్ళకి లోపల బెంగ. వేరే గుర్తులు చూడండి: పొద్దున్నే లేచేటప్పుడు ఫ్రేమ్ చెయ్యి పట్టుకుని లేస్తున్నారా, మధ్యాహ్నం కునుకు ఫ్యూటాన్ మీద తీస్తున్నారా, కుర్చీలోనే తూలుతున్నారా, నొప్పి మాత్రల డబ్బా ఎంత త్వరగా ఖాళీ అవుతోంది. అన్నిటికంటే ముందు బొంత ఎక్కడుందో చూడండి.

మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు కూడా బొంత తెచ్చుకుంది. స్ప్రింగుల పరుపు, ఎనిమిదంగుళాలు. బొంత రెండు నెలలు సూట్‌కేసులోనే ఉంది. నవంబరులో వెళ్ళేటప్పుడు బరువు ఎక్కువైందని ఇక్కడే వదిలేసింది. ఇప్పుడు పట్టీలకీ పరుపుకీ మధ్య ఉన్నది అదే.